అంగుళం పూతకు ఎంత మాలు పడుతుంది?

(జాతీయ గణిత దినోత్సవం నాడు ఒక ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ఇంటర్ విద్యార్థుల ముందు ఒక రిటైర్డ్ గణిత లెక్చరర్ మాట్లాడిన మాటలు. రికార్డింగ్ విని రాసుకున్నది. బోర్డు మీద బొమ్మలు వేసిన చోట ఒకటి రెండు మాటలు చేర్చాం.)

ప్రిన్సిపల్ గారికి, నా పాత కొలీగ్స్‌కి నమస్కారం. పిల్లలూ, కూర్చోండి. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకు రండి, ఇక్కడ బెంచీలు ఖాళీగా ఉన్నాయి. ముందు కూర్చుంటే ప్రశ్నలడుగుతానని భయమా? వెనకున్నా అడుగుతాను.

ఇవాళ డిసెంబరు 22, రామానుజన్ పుట్టినరోజు. ఇలాంటి రోజున అనంత శ్రేణుల గురించో, రామానుజన్ సంఖ్య 1729 గురించో మాట్లాడాలి. నేను మాత్రం సంపు గురించి మాట్లాడతాను. నీళ్ళ సంపు.

మీ పుస్తకంలో అవకలజాల (డెరివేటివ్‌ల, అంటే ఒకటి కొంచెం మారితే ఇంకోటి ఎంత మారుతుందో చెప్పేవాటి) అనువర్తనాల చాప్టర్లో 'దోషాలు, ఉజ్జాయింపులు' అని కొద్ది పేజీలుంటాయి. అందులోంచి రెండు మార్కుల ప్రశ్న వస్తుంది. చతురస్రం భుజం 2 శాతం పెరిగితే వైశాల్యం సుమారుగా ఎంత శాతం పెరుగుతుంది? చెప్పండి. నాలుగు. చూశారా, హాలంతా ఒకేసారి చెప్పింది. ఎందుకు నాలుగు? ఇప్పుడు ఎవరూ మాట్లాడరు. తప్పు మీది కాదు. చాలా ఏళ్ళు నేనూ అలాగే చెప్పాను. సూత్రం రాయి, అవకలనం చెయ్యి, విలువలు వెయ్యి, రెండు మార్కులు జేబులో వేసుకో. ఆ పాఠం నాకు నిజంగా అర్థమైంది ఇల్లు కట్టుకునేటప్పుడు.

మా ఇంటి ముందు గుండ్రటి సంపు తవ్వించాం. అడ్డంగా ఆరడుగులు, లోతు ఎనిమిది. లోపల రెండు కోట్లు కలిపి అంగుళం మందం ప్లాస్టరింగ్. దానికి మాలు ఎంత కలపాలో నేను లెక్క కట్టి చెబుతానన్నాను. లెక్కల లెక్చరర్ని కదా, చెప్పకుండా ఉండలేను. కాగితం తీసుకుని కూర్చున్నాను. పూత లేనప్పుడు వ్యాసార్ధం 3 అడుగులు. పూత వేశాక మూడడుగుల్లో అంగుళం తక్కువ, అంటే 2.9167. రెండింటినీ వర్గం చేసి, పై తో గుణించి, ఎనిమిదితో గుణించి, ఒకదాంట్లోంచి ఒకటి తీసెయ్యాలి. దశాంశాల దగ్గర ఒకసారి తప్పుపోయాను. మళ్ళీ మొదట్నించీ చేశాను.

ఈలోపు మేస్త్రీ బీడీ పారేసి లేచాడు. "చుట్టూ పంతొమ్మిది అడుగులు సార్, లోతు ఎనిమిది. నూటయాభై చదరం. అంగుళం మందం అంటే పన్నెండో వంతు. పన్నెండున్నర సీఎఫ్టీ. వేస్టేజీ ఇంకొంచెం కలుపుకోండి." అనేసి పనిలోకి వెళ్ళిపోయాడు. పావుగంట తర్వాత నాకు వచ్చిన జవాబు 12.39 సీఎఫ్టీ, అంటే ఘనపుటడుగులు.

ఆ రాత్రి పడుకున్నాక తట్టింది. మేస్త్రీ చేసిందేమిటి? చుట్టుకొలతను లోతుతో గుణించాడు. అంటే గోడ వైశాల్యం. దాన్ని మందంతో గుణించాడు. రెండు పై ఇంటు వ్యాసార్ధం ఇంటు ఎత్తు, ఇంటు చిన్న మార్పు. స్తూపం ఘనపరిమాణాన్ని వ్యాసార్ధం దృష్ట్యా అవకలనం చేస్తే వచ్చేది అదే కదా! నేను క్లాసులో బోర్డు మీద అవకలనం చేసి సాధించేది, ఆయన టేపు చూసి చెప్పేశాడు.

అవకలజానికి గోడ అని అర్థం ఉందని నాకెవరూ చెప్పలేదు. వృత్త వైశాల్యాన్ని అవకలనం చెయ్యండి, చుట్టుకొలత వస్తుంది. గోళం ఘనపరిమాణాన్ని చెయ్యండి, నాలుగు పై ఇంటు వ్యాసార్ధం వర్గం, అంటే పైపొర వైశాల్యం. ఇది కాకతాళీయం కాదు. వస్తువు కొంచెం పెరిగిందంటే దాని ఒంటి మీద పలచటి పొర ఒకటి చేరింది. పొర ఎంత అంటే, ఒళ్ళు ఎంతో అంత, మందం ఎంతో అంత.

మేస్త్రీ నోటిలెక్కను సర్దకుండా పూర్తిగా చేస్తే 12.57 వస్తుంది. మరి 12.57 కీ 12.39 కీ తేడా ఎందుకొచ్చింది? మేస్త్రీ బయటి చుట్టుకొలత పట్టుకున్నాడు. పూత లోపలి ముఖం దగ్గర చుట్టుకొలత కొంచెం చిన్నది. ఆ తేడా ఒకటిన్నర శాతం లోపు. తట్టలోంచి కింద పడే మాలు అంతకంటే ఎక్కువ ఉంటుంది.

ఆ మిగిలిపోయే తేడాని దగ్గరగా చూద్దాం. ఇది చూస్తేనే 'సుమారుగా' అనే మాటకు విలువ తెలుస్తుంది.

(బోర్డు మీద ఘనం బొమ్మ.)

ఇది 10 సెంటీమీటర్ల ఘనం. మైసూర్‌పాక్ ముక్క అనుకోండి, ఆకలేస్తున్నట్టుంది మీకు. దీని భుజాన్ని ఒక్క మిల్లీమీటరు పెంచాలి. ఒక మూల కదలకుండా పట్టుకుని, మిగిలిన మూడు ముఖాల మీద మూడు పలకలు అంటించండి. ఒక్కో పలక పది, పది, 0.1. అంటే 10 ఘన సెంటీమీటర్లు. మూడూ కలిపి 30. అయిపోయిందా? లేదు. పలకకూ పలకకూ మధ్య అంచుల దగ్గర సందులున్నాయి. వాటిలో మూడు సన్నటి కడ్డీలు పెట్టాలి. ఒక్కోటి 10 ఇంటు 0.1 ఇంటు 0.1, అంటే 0.1. మూడూ కలిపి 0.3. ఇంకా మూల దగ్గర ఒక చిన్న పలుకు ఖాళీ ఉంది, జీడిపప్పు పలుకు కంటే బాగా చిన్నది: 0.001. మొత్తం 30.301.

అవకలజం మీకిచ్చేది ఆ మూడు పలకలు. అంతే. కడ్డీలనీ పలుకునీ వదిలేస్తుంది. వదిలేసి కూడా 30.301 కి 30 చెప్పింది, తప్పిపోయింది ఆ మార్పులో ఒక్క శాతమే. అసలు 1000 ఘన సెంటీమీటర్లతో పోలిస్తే అది లెక్కలోకే రాదు. ఇందాకటి నాలుగు శాతం కూడా ఇదే బొమ్మ. చతురస్రానికి రెండు పక్కల రెండు చీలికలు, ఒక్కోటి రెండు శాతం. మూలన మిగిలిన చిన్న చదరం 0.04 శాతం. అందుకే జవాబులో 'సుమారుగా' అని రాస్తాం.

ఒక చురుకైన పిల్లాడు లేచి అడగాలి. ఘనానికి ముఖాలు ఆరు కదా, మూడే ఎందుకు పెరిగాయి, ఇందాకేమో ఒళ్ళంతా పొర అన్నారే అని. అడగలేదు, నేనే చెబుతాను. ఒక మూలను కదలకుండా పట్టుకున్నాం, అందుకని మూడు. నడిమధ్యన పట్టుకుని అన్ని వైపులా పెంచితే, సగం భుజాన్ని చలరాశిగా తీసుకుని చేసుకోండి, ఆరు ముఖాలూ వస్తాయి.

ఇక పొలం దగ్గరికి వెళ్దాం. ఇక్కడ రైతుల పిల్లలు ఎంతమంది? చాలామందే ఉన్నారు. ఎకరానికి వంద సెంట్లు, తెలంగాణ వాళ్ళకైతే నలభై గుంటలు. సెంటు అంటే 435.6 చదరపు అడుగులు. ఎకరం పొలం సరిగ్గా చదరంగా ఉంటే భుజం 208.7 అడుగులు. భుజం కొలవడంలో ఒక్క అడుగు తప్పు వచ్చిందనుకోండి. రెండు చీలికలు, రెండు ఇంటు 208.7, సుమారు 417 చదరపు అడుగులు. దాదాపు ఒక సెంటు. అడుగుకు సెంటు. గుర్తు పెట్టుకోండి, గట్టు తగాదాలప్పుడు పనికొస్తుంది.

ఇప్పుడు అదే ఎకరం పొడుగ్గా ఉందనుకోండి. 66 అడుగుల వెడల్పు, 660 అడుగుల పొడవు. సర్వేయర్ల పాత గొలుసు 66 అడుగులు, వంద లింకులు. ఒక గొలుసు వెడల్పు, పది గొలుసుల పొడవు అంటే సరిగ్గా ఎకరం. ఇప్పుడు పొడవులో ఒక అడుగు తప్పు కొలిస్తే పోయేది 66 చదరపు అడుగులు. వెడల్పులో అదే ఒక్క అడుగు తప్పు కొలిస్తే 660 చదరపు అడుగులు, ఒకటిన్నర సెంటు. అదే అడుగు, అదే పొలం, తేడా పదింతలు. కానీ మనవాళ్ళు ఎక్కడ జాగ్రత్త పడతారు? పొడవు దగ్గర. అంత దూరం టేపు లాగాలి కాబట్టి ఇద్దరు మనుషుల్ని పెట్టి, చెమటలు కక్కుతూ కొలుస్తారు. వెడల్పుది ఏముందిలే అని ఒక్కసారి టేపు వేసి రాసేస్తారు. నా దృష్టిలో ఈ చాప్టర్ ఉన్నది ఇందుకే. మార్పు ఎంత అని చెప్పడం ఒక ఎత్తు. ఏ కొలత దగ్గర ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలో ముందే చెప్పడం ఇంకో ఎత్తు.

గొలుసు మాట వచ్చింది కాబట్టి ఇంకొక్కటి. గొలుసును లాగి లాగి వాడితే లింకుల మధ్య రింగులు విచ్చుకుని గొలుసు సాగుతుంది. వంద లింకులకు ఒక లింకు సాగిందనుకోండి, ఒక శాతం. గొలుసు పొడుగైతే పొలం పెరిగినట్టు కనిపిస్తుందా, తగ్గినట్టా? ఆలోచించి చెప్పండి... తగ్గినట్టు. తక్కువ గొలుసులకే అవతలి గట్టు వచ్చేస్తుంది. భుజాలు ఒక శాతం తక్కువ, వైశాల్యం రెండు శాతం తక్కువ. ఎకరానికి రెండు సెంట్లు. ఐదెకరాలు అమ్మినవాడు పది సెంట్లు ఊరికే ఇచ్చేసినట్టు. మీ ఊళ్ళో సెంటు ధర ఎంతో మీరే గుణించుకోండి.

గొలుసుతోనే ఈ దేశాన్ని కొలిచినాయన ఒకాయన ఉన్నాడు, విలియం లాంబ్టన్. 1802లో మద్రాసులో సెయింట్ థామస్ మౌంట్ దగ్గర మొదలుపెట్టాడు. మొదటి బేస్‌లైన్, అంటే నేల మీద నేరుగా కొలిచే మొదటి గీత, సుమారు ఏడున్నర మైళ్ళు. వంద అడుగుల ఉక్కు గొలుసును దాదాపు నాలుగు వందల సార్లు ఒకదాని కొసన ఒకటి పరచాలి. మద్రాసు ఎండలో! ఉక్కు ఒక డిగ్రీ సెల్సియస్ వేడెక్కితే మీటరుకు ఇంచుమించు 12 మైక్రోమీటర్లు సాగుతుంది. పది డిగ్రీలు పెరిగితే వంద అడుగులకు మూడున్నర మిల్లీమీటర్ల పైన. పట్టించుకోనక్కర్లేదు అనిపిస్తుంది. నాలుగు వందల సార్లు వేస్తే బేస్‌లైన్ మొత్తం మీద దాదాపు ఐదడుగులు. అందుకే గొలుసును చెక్క తొట్లలో పరచి, పైన గుడారం వేసి, పక్కన థర్మామీటర్లు పెట్టి కొలిచారు.

ఎందుకంత చాదస్తం అంటారా? తర్వాత కొలిచేవి చాలావరకు కోణాలే. ఒక్క భుజం, దాని మీద త్రిభుజం, దాని మీద ఇంకో త్రిభుజం, అలా కన్యాకుమారి నుంచి హిమాలయాల అంచుదాకా. మొదటి భుజంలో ఎంత శాతం తప్పుంటే చివరి భుజంలోనూ అంతే శాతం. ఇందాకటి పది డిగ్రీల వేడి తెచ్చే తప్పు 0.012 శాతం, అంటే 2,400 కిలోమీటర్లకు దాదాపు 290 మీటర్లు. దారిలో బీదర్ దగ్గర ఒకటి, ఇంకా ముందుకెళ్ళి కొన్ని, వేరే బేస్‌లైన్లు కొలిచి సరిచూసుకుంటూ వెళ్ళారు. లాంబ్టన్ ఆ పని పూర్తి కాకుండానే 1823లో, ఇప్పటి మహారాష్ట్రలోని హింగన్‌ఘాట్‌లో పోయాడు.

కోణాలు అన్నాను కదా. ఇప్పుడు తాటిచెట్టు.

మన కంటి మట్టం నుంచి పైకి 15 మీటర్ల ఎత్తున్న తాటిచెట్టు. ఎక్కకుండా ఎత్తు చెప్పాలి. కొంత దూరం నుంచి కొసకు కోణం కొలుస్తాం. దూరం ఇంటు టాన్ తీటా, ఎత్తు. పదో తరగతి లెక్క. మీ దగ్గర ఉన్నది అట్టముక్కకు దారం కట్టి చేసుకున్న కోణమాపకం, ఒక డిగ్రీ అటూ ఇటూ పోతుంది. ఎక్కడ నిలబడాలి? చెట్టు దగ్గరగానా, దూరంగానా?

టాన్‌ను అవకలనం చేస్తే సెకంట్ వర్గం. ఎత్తులో తప్పును ఎత్తుతో భాగించి సర్దితే మిగిలేది ఇది: కోణంలో తప్పుకు రెండింతలు, బై సైన్ రెండు తీటా. దోషం తక్కువగా ఉండాలంటే కింద ఉన్నది పెద్దదవ్వాలి. సైన్ రెండు తీటా ఎప్పుడు పెద్దది? రెండు తీటా 90 అయినప్పుడు. తీటా 45. చెట్టు ఎంత ఎత్తో అంత దూరంలో నిలబడాలన్నమాట. అక్కడ ఒక డిగ్రీ తప్పుకు మూడున్నర శాతం, సుమారు అర మీటరు. చెట్టు మొదట్లోకి వెళ్ళి 80 డిగ్రీల దగ్గర చూస్తే అదే ఒక డిగ్రీకి పది శాతం, ఒకటిన్నర మీటరు. 85 మీటర్ల దూరం పోయి 10 డిగ్రీల దగ్గర చూసినా అంతే పది శాతం. ఎత్తు తెలియకుండా చెట్టు ఎత్తంత దూరంలో ఎలా నిలబడతామంటారా? ఒకసారి ఎక్కడినుంచైనా చూడండి, కోణం 45 వచ్చేదాకా ముందుకో వెనక్కో జరగండి. అంతే.

ఒక్క జాగ్రత్త. ఇక్కడ కోణంలో తప్పును రేడియన్లలో వెయ్యాలి. డిగ్రీ అంటే 0.01745. పేపర్లు దిద్దిన ఏళ్ళలో నేను చూసిన తప్పుల్లో ఇదే నంబర్ వన్. ఒకడు ఒకటి అని వేసేసి, 15 మీటర్ల చెట్టుకు దోషం 30 మీటర్లు తెచ్చాడు. తెచ్చి, జవాబు చుట్టూ డబ్బా గీశాడు కూడా.

జ్యలో చిన్న మార్పు కోటిజ్యను బట్టి ఉంటుందని, అంటే సైన్ మార్పు కొసైన్‌కు అనుపాతంలో ఉంటుందని భాస్కరాచార్యుడు 1150 నాటి సిద్ధాంత శిరోమణిలో గ్రహాల తాత్కాలిక గతి లెక్కకు వాడుకున్నాడు. కలనగణితం మొత్తం మనదేనని చెప్పుకోవాల్సిన పని లేదు. ఉన్నది చెప్పుకుంటే చాలు.

ఇప్పుడు ఈ పద్ధతి ఎక్కడ చేతులెత్తేస్తుందో చూద్దాం. క్రికెట్ బంతి తీసుకోండి. నిబంధనల ప్రకారం పురుషుల ఆటలో కొత్త బంతి చుట్టుకొలత 22.4 నుంచి 22.9 సెంటీమీటర్ల మధ్య ఉండాలి. అర సెంటీమీటరు తేడా, 2.2 శాతం. ఘనపరిమాణంలో దానికి మూడింతలు, సుమారు 6.7 శాతం. పూర్తిగా లెక్క కడితే 6.85. బాగానే ఉంది. బరువులో అనుమతించే తేడా 155.9 గ్రాముల నుంచి 163 దాకా, అంటే నాలుగున్నర శాతమే. టేపు మీద చూస్తే అర సెంటీమీటరు ఎంతో కట్టుదిట్టంగా కనిపిస్తుంది కానీ, పరిమాణంలోకి మార్చి చూస్తే బరువు కంటే అక్కడే సడలింపు ఎక్కువ.

అదే లడ్డు వ్యాసార్ధం పది శాతం పెంచామనుకోండి. మన పద్ధతి 30 శాతం అంటుంది, నిజం 33.1. పరవాలేదు. వ్యాసార్ధం రెట్టింపు చేస్తే? మన పద్ధతి నాలుగు రెట్లంటుంది, నిజానికి ఎనిమిది రెట్లు. ఇందాక వదిలేసిన కడ్డీలూ పలుకూ ఇప్పుడు పలకలంత లావయ్యాయి మరి. మార్పు చిన్నగా ఉన్నంతవరకే ఈ బేరం.

ప్రశ్నలుంటే అడగండి. ఆ, చెప్పమ్మా.

(ఒక విద్యార్థిని: సార్, పై కి 22/7 వేస్తే తప్పు రాదా? క్యాలిక్యులేటర్లో ఉన్నట్టు పది అంకెలు వెయ్యాలా?)

మంచి ప్రశ్న. 22/7 అసలు విలువ కంటే 0.04 శాతం ఎక్కువ. ఇప్పుడు నువ్వు పది సెంటీమీటర్ల వ్యాసార్ధాన్ని మామూలు స్కేలుతో కొలిచావు, ఒక మిల్లీమీటరు అటూ ఇటూ. అది ఒక శాతం, వైశాల్యంలో రెండు శాతం. నీ స్కేలు తెచ్చిన తప్పు ముందు 22/7 తెచ్చే తప్పు యాభయ్యో వంతు. పది అంకెలు వేసినా ఆ రెండు శాతం పోదు. ముందు స్కేలు మార్చమ్మా, తర్వాత పై సంగతి చూద్దాం.

ఇంకెవరు? నువ్వు బాబూ, కిటికీ దగ్గర.

(ఒక విద్యార్థి: గుండ్రటి ట్యాంకు వ్యాసార్ధం తెలియాలంటే అడ్డంగా కొలవడం మంచిదా, చుట్టూ కొలవడం మంచిదా?)

నువ్వు మేస్త్రీ కొడుకువా ఏంటి? కాదా! సరే. టేపులో ఒక సెంటీమీటరు తప్పు వస్తుందనుకో. అడ్డంగా కొలిస్తే వ్యాసార్ధంలో తప్పు అందులో సగం, 5 మిల్లీమీటర్లు. చుట్టూ కొలిస్తే ఆ సెంటీమీటరును రెండు పై తో భాగిస్తాం, 1.6 మిల్లీమీటర్లే. కాబట్టి చుట్టూ తాడు వెయ్యడమే మేలు. అయితే తాడు వంకర పోకూడదు, ఒకే మట్టంలో ఉండాలి.

అడ్డంగా కొలిచేటప్పుడు సరిగ్గా కేంద్రం మీదుగా పోకపోతే పెద్ద తప్పు వస్తుందని అందరూ భయపడతారు. నిజానికి అంత రాదు. మీటరు వ్యాసార్ధం ఉన్న ట్యాంకులో కేంద్రానికి 5 సెంటీమీటర్లు పక్కకు జరిగి కొలిచినా తగ్గేది రెండున్నర మిల్లీమీటర్లు. వృత్తంలో అంచు నుంచి అంచుకు గీసే జ్యాలన్నింటిలో వ్యాసం అతి పెద్దది కదా, గరిష్ఠం దగ్గర అవకలజం సున్నా. అక్కడ చెయ్యి కొంచెం పక్కకు పోయినా పెద్ద నష్టం లేదు.

మీ కాలేజీ వెనక నల్లటి ప్లాస్టిక్ ట్యాంకు ఒకటుంది, వస్తూ చూశాను. టేపు నా సంచీలో ఉంది, తాడు వాచ్‌మన్ దగ్గర అడుగుదాం. సగంమంది చుట్టూ కొలవండి, సగంమంది అడ్డంగా. ఘనపరిమాణం కట్టి, ట్యాంకు మీద కంపెనీ వేసిన లీటర్ల అంకెతో పోల్చి చూద్దాం. ట్యాంకు గోడ మందం లెక్కలోంచి తీసెయ్యడం మర్చిపోకండి. పదండి, తర్వాత టిఫిన్.